ఒంగోలు ఎండకి నిలిచే పువ్వు

ఆ కుండీ జోలికి పోబాక వదినా. ఎర్ర కాగితం కట్టిన మొగ్గ కనపడతా ఉందా, అది ఈ రాత్రికి విచ్చుకుంటది. మొక్క నీకు తెలియందేం కాదు, మన వీధంతా బ్రహ్మకమలం అని హారతి పట్టే మొక్కే. హిమాలయాల్లో పూసే బ్రహ్మకమలం వేరు. ఇది కాక్టస్. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మల మీద బతికే జాతి.

కాగితం ఎందుకు కట్టావంటావా? గుర్తుకి. పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్‌కి పోయిన ఆడవాళ్ళకి ఈ పని కొత్తేం కాదు. సాయంత్రం మొగ్గ ఒలిచి మగ భాగం తీసేసి కాగితం తొడుగుతారు, తెల్లారినాక మగ వరస పువ్వు తెచ్చి రుద్దుతారు. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ గారు హెచ్-4 పత్తిని ఇచ్చారు. ప్రపంచంలో వ్యాపారానికొచ్చిన మొదటి సంకర పత్తి అదే. అది నిలిచిందే ఈ చేతిపని మీద. నా బ్రహ్మకమలానికి అంత పని కూడా లేదు. దాని పుప్పొడి దానికి పట్టదు కాబట్టి కేసరాలు తీసెయ్యక్కర్లా.

అది విన్నాక నీకో సంగతి అర్థం కావాలి వదినా. ఇన్నేళ్ళుగా ఈ వీధిలో ఇంటింటా పూస్తా ఉంది గదా, ఎవరింట్లో అయినా కాయ చూశావా? చూసి ఉండవు. నేను మా పిన్ని దగ్గర ఆకు తుంచి తెచ్చుకున్నా, నువ్వు నా దగ్గర తుంచుకున్నావు, నీ దగ్గర ఎదురింటివాళ్ళు. ఆకంటాం గానీ అది పలచబడ్డ కాండం. ఆ లెక్కన అందరి కుండీల్లో ఉండేది ఒకటే మొక్క. మీ పువ్వు పుప్పొడి తెచ్చి మా పువ్వుకి అద్దినా తనది తనకి అద్దినట్టే, కాయ పట్టదు. కొత్త పువ్వు కావాలంటే వేరే తల్లికి పుట్టిన మొక్క ఉండాలి.

ఆ వేరే మొక్క అదిగో, నీళ్ళ ట్యాంకు నీడన ఉంది. ఎర్రపూల ఎపిక్యాక్టస్. బ్రహ్మకమలం చుట్టాలని, పగలు పూసే ఎర్ర కాక్టస్‌లని కలిపి దొరలు ఎప్పటినుంచో ఇట్టాంటి రకాలు తీస్తా వచ్చారు. 1940లో అమెరికాలో ఎపిఫిల్లం సొసైటీ అని పెట్టి, కొత్త రకాల పేర్లు నమోదు చేస్తా ఉన్నారు. వేల పేర్లున్నాయి అందులో. ఈ ఎర్రది పగలు పూస్తది, పువ్వు రెండు మూడు రోజులు ఉంటది. కానీ ఎండాకాలం పడనే పడదు దీనికి. మే వచ్చిందంటే కాడలు పసుప్పచ్చబడి ముడుచుకుపోతాయి. బ్రహ్మకమలం మాత్రం కాస్త నీడ ఉంటే మన ఎండల్ని ఓర్చుకుంటది గానీ, పువ్వు ఒక్క రాత్రికే వాలిపోతది. దీని రంగు, దాని ఓర్పు ఒక్క మొక్కలోకి రావాలని నా ఆశ.

చిక్కెక్కడంటే, ఎర్రది పూసే కాలం వేరు, తెల్లది పూసే కాలం వేరు. అందుకని ఎర్రది పూసినప్పుడే పుప్పొడి దులిపి, ఆరబెట్టి, కాగితంలో మడిచి, గాలి దూరని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో దాచా. డ్రాగన్ ఫ్రూట్ రైతులు కూడా పుప్పొడిని ఇట్టాగే దాచుకుంటారు. అదీ ఈ కుటుంబమే గదా, రాత్రిపూట పువ్వు కూడా ఇట్టాగే ఉంటది. ఈ రాత్రి పువ్వు బాగా విచ్చుకున్నాక కుంచెతో ఆ పుప్పొడి అద్ది, పురుగులు రాకుండా పలచటి గుడ్డ కడతా.

కాయ పడితే మాత్రం తొందరపడకూడదు. పండనిచ్చి, గుజ్జు కడిగి, గింజల్ని ఇసుక కలిపిన మట్టి మీద చల్లాలి, పైన మట్టి కప్పకూడదు. మొలకకీ మొలకకీ పోలిక ఉండదు. పువ్వు చూడాలంటే నాలుగైదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మన లాం ఫారంలో మిరప మీద పనిచేసేవాళ్ళకి ఏటా ఒక పంట చేతికొస్తది, ఎల్‌సీఏ 334 లాంటి రకం తీసి రైతుకిచ్చారు. కాక్టస్‌కి ఆ వేగం లేదు. అందుకే ఎంచుకోవడంలో మొహమాటం పనికిరాదంటాను. ముందు మే నెల ఎండ, ఆనక అక్టోబరు, నవంబరు తుపాను వానలు. ఎండకి కమిలిందీ, వానకి మొదలు కుళ్ళిందీ పువ్వు చూడకుండానే తీసెయ్యాలి. మిగిలిన వాటిలో చిన్న కుండీలో కుదురుగా పెరిగేదీ, ముళ్ళు లేనిదీ, పగలు కూడా పువ్వు నిలిచేదీ చూసుకోవాలి. అట్టాంటిది ఒక్కటి దొరికితే చాలు. దాని ముక్కలు నాటితే వచ్చేవన్నీ అదే మొక్క. రకం అంటే అదే.

దుకాణాల్లో క్రిస్మస్ కాక్టస్ చూశావుగా, డిసెంబరులో గులాబీ పూలతో. అది బ్రెజిల్‌ది, రియో డి జనీరో దగ్గరి కొండల్లోది. 1840ల్లో లండన్‌లో బక్లీ అనే తోటమాలి రెండు జాతులు కలిపి దాన్ని ఇంటి మొక్కగా మార్చాడు. అందులో పసుపు పువ్వు రావడానికి ఇంకో వందేళ్ళు పైనే పట్టింది. 1980ల్లో అమెరికాలో 'గోల్డ్ చార్మ్' వచ్చింది. బ్రెజిల్ అంటే మనకి కొత్తా ఏంది? మన గిత్తలు అక్కడికి పోయి నెల్లోర్ పేరుతో మందలు మందలయినాయి, కరవది ఊరి నుంచి పోయిన గిత్తని ఇప్పటికీ కర్వాది అనే చెప్పుకుంటారు. అక్కడివాళ్ళు వాళ్ళ ఎండలకి, వాళ్ళ గడ్డికి సరిపోయేట్టు ఎంచి ఎంచి పెంచుకున్నారు. క్రిస్మస్ కాక్టస్‌ని మాత్రం చలిదేశాల వాళ్ళు వాళ్ళ కిటికీలకి సరిపోయేట్టు తీర్చుకున్నారు. అది ఒంగోల్లో రెండో డిసెంబరు చూడకపోవడంలో వింతేముంది? మన వాకిట్లో నిలిచేదాన్ని మనమే తీసుకోవాలి.

మీ అల్లుడు తెచ్చిన ఆ ఎర్ర గుండు కాక్టస్ సంగతంటావా, అది పువ్వు కాదు వదినా. 1941లో జపాన్‌లో వతనబె అనే ఆయనకి మొలకల్లో కనపడిన రకం. ఒంట్లో పచ్చదనం లేదు, సొంతంగా బతకలేదు. అందుకే కింద డ్రాగన్ ఫ్రూట్ కాడకి అంటు కట్టారు. అంటుతో కొన్నేళ్ళు ఉంటది, అంతే. అందంగా ఉందన్న మాట నిజమే గానీ, నేను కోరుకునే మొక్క తన వేళ్ళ మీద తాను నిలబడాలి.

కొత్త రకం వస్తే ఎవరైనా కాజేస్తారేమో అని అడిగావు. 2001లో వచ్చిన మొక్కల రకాల చట్టం ఉంది. రకం కొత్తదై, మిగతావాటికి తేడాగా, మొక్కకీ మొక్కకీ ఒకేలా, ఎన్ని తరాలైనా మారకుండా ఉండాలి. ఆ జాతి కూడా ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో ఉండాలి. అవన్నీ పువ్వు పూశాక చూసుకుందాం. ఇప్పటి పనల్లా పుస్తకంలో రాసుకోవడమే. తల్లేది, తండ్రేది, ఏ రోజు అద్దాం, ఎప్పుడు కాయ పండింది. రాత లేకపోతే అయిదేళ్ళ తర్వాత ఆ పువ్వు ఎట్టా వచ్చిందో మళ్ళీ తీసేవాడికి తెలియదు.

నీకొక పని చెప్తా, కాదనబాక. మీ పుట్టింటి వైపు గానీ, బెంగుళూరులో ఉన్న మీ చెల్లెలి దగ్గర గానీ, తెలుపు కాక వేరే రంగు పూసే కాక్టస్ ఉంటే ఒక ఆకు పంపించమను. బ్రహ్మకమలమే అయినా, అందులో కాయ కాసిన మొక్క ఎక్కడైనా ఉంటే అది మనకి మరీ ముఖ్యం. ఎవరింటి నుంచి వచ్చిందో, ఏ నెలలో పూస్తదో ఒక చీటీ మీద రాయించి, ఆకుతోపాటే పంపించమను.