వాటం చూసుకోండి

మీ ఇంట్లో స్నానాలగది గట్టు ఎంత ఎత్తుందో ఎప్పుడైనా కొలిచారా? పాచిపెంటలో మా పెద్దమ్మ తుంటి విరిగేదాకా మేమూ కొలవలేదు. నాలుగంగుళాలు. నీళ్లు వసారాలోకి రాకుండా ఎప్పుడో కట్టించిన గట్టు అది. ఆపరేషన్ చేయించుకుని చక్రాల కుర్చీలో ఇంటికొచ్చిన మనిషికి మాత్రం అదే పి.కోనవలస ఘాట్ రోడ్డు అయి కూర్చుంది.

పగలగొట్టేస్తే సరి అన్నాను. మేస్త్రి నవ్వాడు. "గట్టు తీసీడం ఎంతసేపు బాబూ? మరి నీరెటెల్తాది?"

నిజమే సుమండీ. నీళ్లు పోయే జాలీ సరిగ్గా తలుపు పక్కనే ఉంది. గది వాలంతా అటే. గట్టు తీస్తే స్నానం నీళ్లు వసారాలోకే. అంటే ముందు ఎదురు మూలకి కదలాల్సింది జాలీ. అది కదలాలంటే దాని కిందున్న నానీ ట్రాప్, ట్రాప్‌కి తగిలించిన మూడంగుళాల పైపు, అన్నీ గచ్చులోంచి పెకలించాలి. కమోడ్ జోలికి మాత్రం పోలేదు. దాని నాలుగంగుళాల పైపు కదిపితే ఖర్చూ కంపూ రెండూ రెట్టింపు.

ఇక్కడ కాస్త లెక్కుంది, నిద్రపోకండి. నేలకి అడుగుకి పావంగుళం పల్లం కావాలి. తలుపు నుంచి ఎదురు మూలకి ఆరడుగులు, అంటే అంగుళమున్నర. అంతకంటే ఎక్కువిస్తే నీళ్లు చక్కగా పోతాయి, వాటి వెనకే చక్రాల కుర్చీ కూడా పోతుంది. కింద పైపుకైతే పదడుగులకి మూడంగుళాలు. ఆ మూల నుంచి పెరట్లో ఛాంబర్‌కి పదిహేనడుగులు కాబట్టి నాలుగున్నర. దూరం పెరిగేకొద్దీ పైపు లోతుకి దిగుతుంది. ఛాంబర్‌లో నీళ్లు బయటికి పోయే తూము కన్నా కిందికి దిగిందా, ఇక నీళ్లు కొండెక్కాల్సిందే.

అందుకే మేస్త్రి గచ్చు ముట్టుకోకుండా ముందు పెరట్లోకెళ్లి ఛాంబర్ మూత తీశాడు. సన్నటి తెల్ల గొట్టంలో నీళ్లు నింపి ఒక కొస నా చేతికిచ్చి గోడకి ఆనించమన్నాడు. రెండో కొస తాను పట్టుకుని, మధ్యలో బుడగ నిలవకుండా గొట్టాన్ని వేలితో తట్టి తట్టి, నీరు కదలడం మానాక పెన్సిల్ గీత పెట్టాడు. తూముకి పైన ఇంకా రెండంగుళాలు మిగిలాయి. "బతికిపోయాం" అన్నాడు.

ఆరోజు ఆయన నోట యాభైసార్లు వచ్చిన మాట "వాటం". నీరు పారే వాలుకీ వాటమే, మనిషికి అనువుగా ఉండడానికీ వాటమే. (చేతివాటం సంగతి వేరు, దాన్నిప్పుడు కదపొద్దు.) చిక్కల్లా ఈ రెండు వాటాలకీ పడకపోవడమే. నీటికి పల్లం కావాలి, చక్రానికి చదును కావాలి. గెడ్డ నీటిని మోటారు లేకుండా పైపుల్లో ఊళ్లోకి దించుకునే మన కొండవాళ్లకి మొదటిది కొట్టిన పిండి. రెండోది ఎవరికీ పట్టదు.

కేంద్రం 2021లో వెలువరించిన మార్గదర్శకాల్లో కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్లు, తలుపుకి 900 మిల్లీమీటర్లు అని ఉంది. మన లెక్కలో ఐదడుగులు, మూడడుగులు. మా తలుపు రెండున్నర! దాన్నీ వెడల్పు చేశాం. ఇదంతా ముసలివాళ్ల గొడవ అనుకునేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ ఒకటి. ఏజెన్సీకి కొత్త కాదు ఆ జబ్బు. తుంటి కీలుని పడుచు వయసులోనే తినేయగలదు.

మాది నేలమీది గది గనక గచ్చు కింద ఇసుకా మట్టీ. కట్టర్‌తో రెండు గీతలు కోసి మధ్యది తవ్వేశారు. పునాది మీది బీము జోలికి మాత్రం వెళ్లకూడదు. మీది మేడ మీది గదైతే ఈ ధైర్యం చేయకండి. అక్కడ పగిలేది ఇనుపచువ్వలున్న శ్లాబు. ఇంజినీరుని అడక్కుండా సుత్తి ఎత్తొద్దు.

పైపు వేసి, కాంక్రీటు పోసి, వాటర్‌ప్రూఫింగ్ పూసి, వారం తడిపాక జాలీకి గుడ్డ కుక్కి గదిలో రెండంగుళాల నీరు నిలబెట్టాం. తలుపు దగ్గర ఇటుకలు అడ్డం. సుద్దగీత పెట్టి పడుకున్నాం. తెల్లారి చూస్తే నీరు గీతకి అరంగుళం కింద! పాత గచ్చుకీ కొత్త కాంక్రీటుకీ అతుకు పడిన చోట వెంట్రుకంత సందు. అక్కడ ఉలితో గరుకు చేసి, సిమెంటు పాలు పోసి, మళ్లీ పూసి, మళ్లీ నిలబెట్టి... టైల్స్ అప్పుడే అతికించేసి ఉంటే ఏమయ్యేదో తలచుకోను.

చివరికి పెద్దమ్మ కుర్చీలో తానే లోపలికి వెళ్లింది. గోడకి బిగించిన స్టీలు కడ్డీని రెండుసార్లు లాగి చూసుకుంది. షవర్ వద్దంది, చెంబే కావాలంది. ఇచ్చాం. నీళ్లు ఎదురు మూలకి బుద్ధిగా పోతున్నాయి. నేను మురిసిపోతూ వసారాలో నిలబడ్డానా, లోపల్నుంచి కేక.

"ఒరే! గట్టు తీసీసినారు గదా, కోళ్లొచ్చేత్తన్నాయి. తోలండ్రా!"