పాముకాటు భయంలో దివిసీమ పిల్లలు

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ సముద్రం దాకా పరుచుకున్నదే దివిసీమ. నేను బందరు నుంచి చల్లపల్లి మీదుగా వెళ్తుంటే దారి పొడవునా కాలవలు, ఊడ్పులకు దమ్ముచేసిన మళ్లు. కాలవలు నిండి, పైన వాన పడితే గట్ల కలుగుల్లోకి నీళ్లు చేరతాయి. ఎలుకలు మెరక వెతుక్కుంటూ గడ్డివాముల్లోకీ పెరళ్లలోకీ వస్తాయి, వాటి వెనకే పాములూ. పిల్లలు ఆడుకునేదీ అక్కడే.

2018 ఆగస్టులో పాముకాట్లతో ఈ సీమ బెంబేలెత్తింది. ఆ నెలాఖరున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో ప్రభుత్వమే సర్పశాంతి హోమం చేయించింది. పుట్టలో పాలుపోసి బిడ్డల్ని చల్లగా చూడమని మొక్కే తల్లుల్ని ఎవరూ తప్పుపట్టలేరు. కాటు పడ్డాక మాత్రం ఏ మొక్కుకైనా ముందు ఆసుపత్రి.

ఎందుకంటే పాము మనిషిని బట్టి విషం తగ్గించదు. డెబ్బై కిలోల రైతు ఒంట్లోకి ఎంత ఎక్కించగలదో, పన్నెండు కిలోల పసివాడి ఒంట్లోకీ అంతే ఎక్కించగలదు. అందుకే విరుగుడు మందు పిల్లలకూ పెద్దల మోతాదులోనే ఇస్తారు. ఇంత చిన్నబిడ్డకు అన్ని సీసాలా అని తల్లిదండ్రులు కంగారుపడక్కర్లేదు.

రక్తపింజర కాటుకు వాపు, నొప్పి వెంటనే కనిపిస్తాయి. రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచితే, గడ్డకట్టిందీ లేనిదీ చిన్న ఆసుపత్రిలోనైనా తెలుస్తుంది.

కట్లపాము సంగతి వేరు, నాకు ఎక్కువ భయం దానితోనే. బందరు, గుడివాడ పల్లెల్లో వేసవి ఉక్కకు నేలమీద చాప వేసి పిల్లల్ని పడుకోబెట్టే ఇళ్లకు కొదవలేదు. అది రాత్రిపూట కాటేస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లారి బిడ్డ కడుపునొప్పి అంటుంది, రెప్పలు వాలిపోతాయి, మింగలేదు. అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టేలోపే ఊపిరి కండరాలు చచ్చుబడతాయి.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. వాళ్లలో పావువంతుకు పైగా పదిహేనేళ్లలోపు వాళ్లు.

అమ్మలూ అయ్యలూ, బిడ్డల్ని మంచం మీద, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరలో పడుకోబెట్టండి. కాటు పడితే తాడు బిగించొద్దు, గాటు కోయొద్దు, పసరు పోయొద్దు, పాము కోసం వెతకొద్దు. బిడ్డను నడిపించకుండా ఎత్తుకుని, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందున్న దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి.