నౌబత్ పహాడ్ మీద ఒక పగలు

మన సింధనూరు, మాన్వి తాలూకాల క్యాంపులలో ఉండేవారికి హైదరాబాదు కొత్త ఊరు కాదు. ఆసుపత్రి పనికో, పెండ్లి బట్టలకో, చుట్టాలను చూడడానికో ఏడాదికి ఒకసారైనా వెళ్ళివస్తూనే ఉంటాము. 1956 అక్టోబరు ఆఖరు వరకు రాయచూరు జిల్లాకు అదే రాజధాని కూడాను. అయినా చార్మినారు, సాలార్‌జంగు మ్యూజియము, బిర్లా మందిరము చూచి తిరుగుబండి ఎక్కడమే గాని, ఆ మందిరానికి పొరుగుననే ఉన్న బిర్లా విజ్ఞాన కేంద్రములోకి తొంగిచూచినవారు మనలో తక్కువ. మొన్న దసరా సెలవులలో నాలుగు కుటుంబాలవారము, పిల్లలూ పెద్దలూ కలిసి పధ్నాలుగుమందిమి, ప్రత్యేకంగా దానిని చూడాలనే బయలుదేరాము.

శక్తినగరు దగ్గర కృష్ణ దాటేటప్పటికి తెల్లవారింది. ఏటి ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రము పొగగొట్టాలు మంచులో నిలబడి ఉన్నాయి. కర్ణాటకలో బొగ్గుతో కరెంటు తీయడం మొట్టమొదట 1985లో ఇక్కడనే ఆరంభమయింది. మేము వెళ్ళబోయే నక్షత్రశాల తెరచినదీ ఆ సంవత్సరమే. ఈ సంగతి పిల్లలకు చెబితే, “రోజూ చూస్తున్న గొట్టాలే గదా!” అన్నారు. దగ్గర ఉన్నదాని మీద చూపు ఆనదు. అది పెద్దలకూ ఉన్న జబ్బే. మక్తల్, మహబూబ్‌నగర్ మీదుగా ఎండ ముదరకముందే నగరము చేరుకొన్నాము.

నౌబత్ పహాడ్ పెద్ద కొండేమీ కాదు. కాని దాని మీద నిలబడితే హుస్సేన్ సాగర్ అంతా కనబడుతుంది. ఇబ్రహీం కుతుబ్ షా కాలములో, 1562 ప్రాంతాల, కట్టించిన చెరువు అది. ఒకప్పుడు ఊరికి మంచినీళ్ళు ఇచ్చింది. ఇప్పుడు ఊరి మురుగును మోస్తున్నది. నడుమ రాతి బుద్ధుడు నిలబడి ఉన్నాడు. 1990 మార్చిలో ఆ విగ్రహాన్ని పడవ మీద తరలిస్తుండగా అది నీట మునిగి ప్రాణాలు కూడా పోయినాయి. రెండేండ్లకు పైగా అడుగున పడి ఉన్న రాతిని పైకి తీసి, 1992 డిసెంబరులో నిలబెట్టారు. కాలువ నీళ్ళ మీద బతికే మాకు చెరువు కనబడితే మొదట తూము ఎక్కడని వెతకడం అలవాటు. మాలో ఒక తాతయ్య ఆ పనే చేశారు.

ముందుగా నక్షత్రశాలకు వెళ్ళాము. 1985 సెప్టెంబరులో దీనిని ప్రారంభించినది నాటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావుగారు. గుండ్రని గుమ్మటము కింద కుర్చీలలో వెనక్కు వాలి కూర్చుంటే దీపాలు మెల్లగా తగ్గిపోతాయి. గుమ్మటము లోపలి తలమే తెర. దాని మీద పడే వెలుగు చుక్కలే నక్షత్రాలు. బయట రాత్రంతా పట్టే ఆకాశపు తిరుగుడును ఇక్కడ కొద్ది నిమిషాలలో చూపగలరు. మామ్మ ఒకరు చీకటిలోనే, “గొల్లకావడి ఏదిరా? పిల్లలకోడి ఏదిరా?” అని అడిగారు. క్యాంపు కొత్తగా వెలసిన రోజులలో చేతికి గడియారము లేక, నీళ్ళ వంతు ఎప్పుడు వస్తుందో ఆ చుక్కలను చూచే తెలుసుకొనేవారట. ఈ మాట వినడం మనుమలకు అదే మొదటిసారి. క్యాంపులలో వీధిదీపాలు వచ్చాక తల ఎత్తి చూచే పని మనకు తప్పిపోయింది గదా!

తరువాత 1990లో తెరచిన విజ్ఞాన ప్రదర్శనశాల. ఇక్కడి గొప్ప ఏమిటంటే, చాలా వస్తువులను తాకి, తిప్పి, నొక్కి చూడవచ్చు. సాలార్‌జంగులో “తాకరాదు” అని అదిలించి అదిలించి అలసిన తల్లులకు ఇది పెద్ద విశ్రాంతి. కొద్ది బలముతో పెద్ద బరువును ఎట్లా ఎత్తవచ్చునో పిల్లలకు చెబుతూ ఉంటే, మా మనసు తుంగభద్ర మీదికి పోయింది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి డ్యాము 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఉన్న 33 గేట్లలో అది ఒక్కటే. అయినా ఆ ఒక్క గొలుసు తెగినందుకు ఎడమకాలువ కింద ఉన్న మనమంతా వారము రోజులు అన్నము సహించక కూర్చున్నాము. కన్నయ్యనాయుడుగారి వంటి అనుభవజ్ఞుల సలహాతో, పారే నీటిలోనే ఉక్కు పలకలను ఒకదానిపై ఒకటి దించి ఆ కంతను మూసినారు. గొలుసు, కప్పీ, బరువు అనేవి బడి పుస్తకములోని పాఠము మాత్రమే కావని మన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

అన్నిటికన్న ఎక్కువసేపు నిలబడినది కోటాసారస్ దగ్గర. గోదావరి లోయలో, నాటి ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర దొరికిన రాక్షసిబల్లి ఇది. ఒకే చోట 840 ఎముక భాగాలు బయటపడినాయి. అవి కనీసము పన్నెండు జంతువులవి అని తేల్చారు. యాదగిరి అనే శాస్త్రవేత్త 1988లో దానికి పేరు పెట్టారు. గోదావరి, ప్రాణహితలు కలిసే చోటుకు దగ్గరలో కోట అనే ఊరు ఉన్నది. అక్కడి రాతిపొరలకు ఆ ఊరి పేరు, ఆ పొరలలోని జంతువుకు పొరల పేరు వచ్చినాయి. మాతో వచ్చిన ఎనిమిదో తరగతి అమ్మాయి ఆ పేరు చదివి, “మన రాయచూరు కోటెనా?” అని అడిగింది. కన్నడములో కోటె, తెలుగులో కోట. నోటికి ఒక్కటే మాట.

ఆ జంతువుకు పుర్రె దొరకలేదు. తలకు సంబంధించి చిక్కినవి రెండు పళ్ళు మాత్రమే. తక్కినది, దాని దగ్గరి జాతులను చూచి ఊహించుకోవలసిందే. దొరికినది ఇంత, ఊహించినది ఇంత అని విడదీసి చెప్పడమే శాస్త్రము మర్యాద. ఊరి రచ్చబండ మీద కూడా ఈ మర్యాద పాటిస్తే ఎన్ని తగవులు తీరిపోవును!

“మన వైపు ఇట్లాంటివి ఎందుకు దొరకవు?” అని పిల్లలు అడిగారు. కోటాసారస్ తిరిగినది సుమారు 17, 18 కోట్ల ఏండ్ల క్రిందట. ఏటి ఒండ్రు పొరలు పొరలుగా పేరుకొని రాయి అయినచోటనే ఎముకలు నిలుస్తాయి. మన రాయచూరు గుట్టలు అంతకన్న ఎంతో ముసలివి. హట్టి, మస్కి వైపు రాళ్ళ వయస్సు 250 కోట్ల ఏండ్లకు పైమాట. భూమి లోపలి వేడికి, ఒత్తిడికి తయారైన ఆ రాళ్ళలో ఎముకలుండవు, బంగారము ఉంటుంది. కోలారు గనులు 2001లో మూతపడ్డాక కూడా హట్టిలో పని సాగుతూనే ఉన్నది. ఆ బంగారము జాడలు వెతికిన బీడన్ అనే ఇంజనీరుకే 1915లో మస్కిలో అశోకుని శాసనము కనబడింది. ‘దేవానాంప్రియుడు’ అంటే అశోకుడే అని తేల్చుకోవడానికి ఆ శాసనములోని పేరు ఆధారమయింది.

తిరుగు ప్రయాణములో మా మాటలన్నీ దీని చుట్టూనే తిరిగినాయి. బల్లిని చూడడానికి ఇంత దూరము వెళ్ళిన మా పిల్లలలో ముగ్గురు తప్ప తక్కినవారు రాయచూరు కోటగోడలోని పెద్ద రాతిని చూచి ఎరుగరు. కాకతీయుల నాటి గోన గన్నయ్యరెడ్డి కాలములో, 1294లో, వేయించిన శాసనము అది. రాయి పొడవు 41 అడుగులకు పైనే. దానిని బండి మీద పశువులచేత లాగించి తెచ్చిన వైనమును బొమ్మగా గీసి పెట్టారు. ఆనాటి యంత్రశాస్త్రానికి అంతకన్న మంచి ప్రదర్శనశాల ఏది? దాని మీద ఉన్నది తెలుగు అని చెప్పినా, చదివేందుకు మన పిల్లలకు తెలుగు అక్షరాలు రావు. బడిలో కన్నడము, ఇంగ్లీషు. ఇంటిలో మాటలు మాత్రము తెలుగు. కన్నడము చక్కగా రావడము మంచిదే, ఇది వారు పుట్టిన నేల. కాని తాతల అక్షరాలు బొత్తిగా పోతే, మామ్మ చెప్పిన గొల్లకావడి కథను రాసి దాచుకొనేవారు ఎవరు?

అందుకని మన సంఘానికి మా మనవి రెండు ముక్కలు. ఏటా ఎనిమిదో తరగతి పిల్లలను ఒక రోజు రాయచూరు కోటకు, మస్కికి, వీలైతే హట్టికి తీసుకొనిపోవాలి. ఆ మీదటనే నౌబత్ పహాడ్. పెద్దలు ఒకరిద్దరు వెంట ఉండి చెప్పాలి, పిల్లలు ఇంటికి వచ్చి తాము చూచినది తెలుగులో ఒక పుట, కన్నడములో ఒక పుట రాయాలి. మా బృందములోని పిల్లలు ఈ పని ఇప్పటికే మొదలుపెట్టారు. తెలుగు పుటకు అక్షరాలు దిద్దించడం మామ్మల వంతు అయింది.

వెళ్ళదలచినవారికి ఒక మాట. ఉదయమే వెళ్ళండి, నక్షత్రశాల ఆటల వేళలు ముందే కనుక్కోండి. పెద్దవారిని కొండ మీదికి నెమ్మదిగా నడిపించండి. మంచినీళ్ళూ, పులిహోర పొట్లాలూ వెంట ఉంటే, పిల్లలను సాయంత్రము వరకు అక్కడనుంచి కదలించనక్కరలేదు.