దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి కూర

సూర్యాపేటలో ఎక్కిన బస్సు ఎల్బీనగర్‌లో దింపేసరికి పదకొండయింది. అక్కణ్ణించి 2018లో మొదలైన మెట్రోలో మూడో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్. చేతిలో ఆవకాయ జాడీ, మనసులో దిగులు. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కని వచ్చిన మా అమ్మాయి "అన్నం గదిలో వండుకుంటాం, కూరలు కర్రీ పాయింట్‌లో కొంటాం" అన్నప్పటినుంచీ నాకు నిద్ర పడితే ఒట్టు!

ఇక్కడ ఎటు చూసినా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. వాటి మధ్య సందుకో కర్రీ పాయింట్. కూర్చోడానికి బల్లలుండవు. పప్పు, దొండకాయ వేపుడు, సాంబారు, గోంగూర పచ్చడి కవర్లో పోసి రబ్బరు బ్యాండు బిగించి ఇస్తారు. వేడి పులుసు ప్లాస్టిక్ కవర్లో పోయడం మాత్రం నాకు నచ్చలేదు. వెంటనే అమ్మాయికి ఓ స్టీలు క్యారియర్ కొనిచ్చాను.

జకార్తాలో కొన్నాళ్లున్న మా చెల్లెలు అక్కడి 'వార్తెగ్'ల గురించి చెబుతుండేది. జావా దీవిలోని తెగాల్ ఊరివాళ్లు వలస వచ్చి పెట్టుకున్న చిన్న పూటకూళ్లవి. అద్దాల అరలో ఉన్న కూరల్లో మనం చూపించినవి అన్నం మీద వడ్డిస్తారు. కొబ్బరిపాలలో ఉడికిన కూరముక్కలు, మిరపకాయలు నూరిన సంబల్, టెంపే. ఈ టెంపే వింత చూడండి! ఉడికిన సోయాగింజలకి తోడు పెట్టి, అరిటాకులో చుట్టి రెండ్రోజులుంచితే గట్టిగా దిమ్మకడుతుంది. ముక్కలు కోసి వేయించుకోవడమే. తినేది ఎక్కువగా కూలీలు, విద్యార్థులు.

ఇక్కడి కొట్టులో ఆవిడ మా యాస విని, "ఏ ఊరు వదినా? మాది కోదాడ" అంది. ఆవిడా, తోడికోడలూ తెల్లవారుజామున లేచి ఇంట్లోనే వండి తెస్తారట.

గదికొచ్చి పచ్చిపులుసు కలుపుకున్నాను. మొదటి ముద్దకే చెయ్యి ఆగిపోయింది. అచ్చం మా అత్తగారి చేతి రుచి! ఇరవయ్యేళ్లుగా నాకు కుదరనిది.

"నానమ్మ చేసినట్టే ఉంది కదమ్మా! అందుకే రోజూ అక్కడే కొంటా" అంది అమ్మాయి. నాకు కాస్త గుచ్చుకున్న మాట నిజం.

సిగ్గు విడిచి మళ్లీ వెళ్లి అడిగాను.

"ఏముంది వదినా! పచ్చిమిర్చి వేపద్దు, మంట మీద కాల్చు. ఉల్లిగడ్డ చేత్తో నలుపు. నువ్వులు దోరగా వేపి, చల్లారినాకనే పొడి కొట్టు."

నేనెప్పుడూ వేడి మీదే కొట్టేదాన్ని. ఎల్బీనగర్‌లో బస్సెక్కేముందు అరకిలో నువ్వులు కొన్నాను.