యమున ఒడ్డున ఒక చలి మధ్యాహ్నం

పోయిన జనవరిలో కొల్లేటి ప్రాంతం నుండి నాన్నగారు సరోజినీ నగర్‌లోని మా ఇంటికి వచ్చారు. పెట్టెలో రగ్గు లేదు గాని, గాలం ఉంది! ఆదివారం ఉదయమే యమునకు వెళదామంటే ఆయనే వారించారు. నీటి వేడిమే చేప ఒంటి వేడిమి. 25–30 డిగ్రీలలో చురుకుగా మేసే బొచ్చె, శీలావతి ఢిల్లీ చలికి మేత తగ్గించి లోతునీటిలో కదలక ఉంటాయట. మిట్టమధ్యాహ్నం పైనీరు కాస్త వెచ్చబడ్డాక, చిన్న ఎరతో ఓపిక పట్టాలట.

ఆ ప్రకారమే కాళింది కుంజ్ చేరాము. ఓఖ్లా బ్యారేజి దిగువన నదిపై తెల్లని నురుగు గుట్టలుగా తేలుతున్నది. పొగమంచనుకున్నాము, కాదు, నగరపు మురుగులో కలిసిన సబ్బుల నురుగు. ఎగువన పక్షుల అభయారణ్యం, అక్కడ గాలం వేయరాదు. నాన్నగారు చాలాసేపు నీటినే చూసి, దారం విప్పకుండానే గాలం జేబులో పెట్టుకున్నారు.

"ఈ నీటి చేపను పిల్లలకెలా పెట్టేదిరా?" అన్నారు.

తిరుగుదారిలో ఐఎన్ఏ మార్కెట్టులో ఆగాము. మంచుగడ్డల నడుమ ఉన్న శీలావతి మొప్పను ఎత్తి చూశారు. ఎర్రదనం కొంత తగ్గింది. ఎక్కడిదో మాచేత హిందీలో అడిగించారు.

"ఆంధ్రా" అన్నాడు వ్యాపారి.

నాన్నగారు మారు మాటాడక కిలోన్నర తూయించారు.