పంటి మీద బుడిపెలు

2025 జనవరి 3, కాశీబుగ్గ

మందస నుంచి వచ్చే కుర్రాడికి ఇవాళ పళ్ల మీద అటాచ్‌మెంట్లు, అంటే చిన్న బుడిపెలు, అతికించాను. అద్దంలో చూసుకుని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. వాళ్లమ్మే అడిగింది: "క్లిప్పులు కనిపించవన్నారు కదండీ, మరి ఈ బుడిపెలేటి?"

న్యాయమైన ప్రశ్న. అలైనర్ పల్చని ప్లాస్టిక్ తొడుగు. ఒక్కొక్కటి పన్నును సుమారు పావు మిల్లీమీటరు జరుపుతుంది. ముందుపళ్లు బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి వాటిని నెట్టడం తేలిక. కోరపన్నూ, దాని వెనక పళ్లూ గుండ్రం. వాటిని తిప్పబోతే, నూనె చేత్తో సీసా మూత తిప్పినట్టు తొడుగు జారిపోతుంది. కిందికి లాగాల్సిన పన్నుకైతే పట్టే దొరకదు. పంటిరంగు రెసిన్ బుడిపె ఆ పట్టు ఇస్తుంది. 1955లో బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే రెసిన్ గట్టిగా అంటుకుంటుందని చూపించాడు. ఇవాళ నేను చేసిందీ అదే. అతికించేటప్పుడు లాలాజలం తగిలితే మాత్రం ఆ పట్టు నిలవదు.

బుడిపెలు ఉంటాయన్న సంగతి డబ్బు కట్టించుకోక ముందే చెప్పాలి. ఎన్ని బుడిపెలో, ఏ పళ్ల మీదో కూడా. ఎక్కువైతే తొడుగు తీయడమే కష్టం.

జనవరి 4

రాత్రి కుర్రాడి తల్లి ఫోన్. పళ్లు లాగేస్తున్నాయట, ఇంట్లో డైక్లోఫెనాక్ ఉంది, వేయమంటారా అని. వద్దన్నాను, పారాసిటమాల్ చాలు. ఆ ఇంట్లో తండ్రి డయాలసిస్ మీద ఉన్నాడు. ఈ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇంకా తేలలేదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు కిడ్నీని దెబ్బతీయగలవన్నది మాత్రం తేలిన మాటే. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అక్కడికి వెళ్లాల్సిన వాళ్లను మనం పెంచకూడదు. ఇక్కడ పంటి డాక్టరు కూడా చీటీ రాసే ముందు కిడ్నీ సంగతి అడగాలి.

జనవరి 17

పండగ వెళ్లాక కుర్రాడు వచ్చాడు. "జంతిక కొరికినప్పుడు ఊడిపోనాదండి." కోరపన్ను మీది బుడిపె. ఊడినా చెప్పకుండా తర్వాతి తొడుగు వేసేసుకున్నాడు. పన్ను వెనకబడింది, తొడుగు ముందుకెళ్లింది; కోర దగ్గర రెంటి మధ్యా సందు కనిపిస్తోంది. ఇలాగే కొనసాగితే మళ్లీ స్కాన్ తీసి, కొత్త తొడుగులు చేయించాల్సి వచ్చేది. పాత తొడుగు వేయించి చూశాను, సరిగ్గా కూర్చుంది. బుడిపె మళ్లీ అతికించి, కొన్నాళ్లు దానితోనే ఉండమన్నాను. రోజుకు ఇరవై గంటలకు తగ్గకూడదని గట్టిగా చెప్పాను. మిగిలిన బుడిపెల చుట్టూ టీ మరక పట్టింది. తిన్నాక, తాగాక తోముకుని తొడుగు పెట్టుకోమన్నాను.

భయం వల్ల ఆగాడట, తిడతానని. అందుకే తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను: బుడిపె ఊడితే తొడుగు మార్చకండి, ఆ రోజే ఫోన్ చేయండి, ఎవరూ ఏమీ అనరు.