పూలు లేని నెలల్లో

ఎండలు ముదిరే వేళకు మన పెరళ్లలో లిల్లీ గడ్డలు మేలుకుంటాయి. ఎండిపోయిందేమో అనుకున్న కుండీలోంచి లావాటి కాడ ఒకటి లేస్తుంది. దాని కొసన రెండు మూడు పూలు, ఒక్కోసారి ఐదారు, గరాటా ఆకారంలో విచ్చుకుంటాయి. వారం తిరక్కుండానే వాలిపోతాయి. ఆ కొద్ది రోజుల్లోనే మనం వాటిని చూస్తాం, ఫొటోలు తీస్తాం, ఏ రకమని ఆరా తీస్తాం. తక్కిన ఏడాదంతా అవి మన కంటికి వట్టి ఆకులు.

ఒక దసరాకు ముందు మా ఇంటికి రంగులు వేయించాం. పనివాళ్లు కుండీలన్నీ తీసి మెట్ల కింద చేర్చారు. ఆ సర్దుబాటులో కుండీలకు గుచ్చిన చీటీలన్నీ ఊడిపోయాయి. తెనాలిలో పిన్ని వాళ్ల పెరటి నుంచి తెచ్చుకున్న ఎర్ర అమరిల్లిస్, కడియం నర్సరీలో కొన్న మరో ఎర్రది, నారింజ రంగులో పూసే పాత రకం, ఆకు మీద తెల్లగీత ఉన్నది, ఇంకా ఒకటి రెండు. అన్నీ పచ్చగా, పువ్వన్నది లేకుండా నా ఎదుట ఉన్నాయి. ఏళ్లుగా నీళ్లు పోస్తున్న ఈ మొక్కలను నేను ఎరుగుదునా, లేక వాటి పూలను మాత్రమే ఎరుగుదునా అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. అది ఆ పూటతో పోలేదు.

తెల్లగీతది వెంటనే తెలిసిపోయింది. ఆకు నడిమి ఈనె పొడవునా పాలగీత ఉండటం హిప్పియాస్ట్రమ్ రెటిక్యులేటమ్‌లోని ఒక రకానికి గుర్తు. ఆ ఒకటి రెండింట్లో ఉన్న విషమూంగలి కూడా బయటపడింది. దాని ఆకులు మొదలు చుట్టూ తిరుగుతూ వస్తాయి. అమరిల్లిస్ ఆకులు మాత్రం చెరో పక్కకు, రెండు వరసల్లో విడిపోతాయి. పూసే కాలమైతే కాడ కోసి చూడవచ్చు. మన ఇళ్లలో పెరిగే అమరిల్లిస్‌కు కాడ లోపల బోలుగా ఉంటుంది, విషమూంగలిది గట్టిగా ఉంటుంది. ఇవన్నీ చదివి తెలుసుకున్నవే. చదివినదాన్ని మెట్ల కింద చీకట్లో, వేళ్లతో ఆకు మొదలు తడుముతూ పోల్చుకున్నప్పుడు గానీ అవి నా ఎరుకలోకి రాలేదు.

వీటిని ఆకుతోనే పోల్చుకునే జీవి మరొకటి ఉంది, లిల్లీ గొంగళిపురుగు. నల్లని ఒంటి మీద తెల్లటి, ఎర్రటి మచ్చలతో అందంగా ఉంటుంది. ఈ గడ్డల్లో లైకోరిన్ అనే విషం ఉంది. కుక్కలు కొరికితే వాంతులు చేసుకుంటాయి. ఆ పురుగులకు మాత్రం ఇదే విందు. పువ్వు ఉందా లేదా అన్న పట్టింపు వాటికి లేదు. గుంపుగా చేరి ఆకు మొదలంటా తినేస్తాయి. ఏరి పారేస్తూనే వాటి ఎరుకకు నేను ఆశ్చర్యపోతుంటాను.

చిక్కంతా రెండు ఎర్రవాటితోనే వచ్చింది. ఆకు వెడల్పు చూశాను, మొదట్లో ఎర్రజీర ఉందేమో చూశాను. ఒకదాని చుట్టూ పిల్ల గడ్డలు కిక్కిరిసి ఉన్నాయి, రెండోది పెద్ద గడ్డతో ఒంటరిగా ఉంది. పాత పెరటి రకాలు విరివిగా పిల్లలు పెడతాయి. పెద్ద పూల కోసం ఈమధ్య కాలంలో తయారైన సంకరాలు అంత తొందరగా పెట్టవు. కాబట్టి పిల్లల కుండీ తెనాలిది అయ్యుండాలి. అయినా అది ఊహే. ఏప్రిల్ దాకా ఆగక తప్పదు.

ఆగిన ఆ నెలల్లో పేర్ల చరిత్ర కొంత చదివాను. లిన్నేయస్ 1753లో అమరిల్లిస్ అన్న పేరు పెట్టాడు. 1821లో విలియం హెర్బర్ట్ దక్షిణ అమెరికా మొక్కలను విడదీసి హిప్పియాస్ట్రమ్ అన్నాడు. లిన్నేయస్ ఉద్దేశించింది ఆఫ్రికా మొక్కనా, అమెరికా మొక్కనా అన్న తగవు 1987లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ దాకా సాగింది. అమరిల్లిస్ అన్న పేరు దక్షిణాఫ్రికా మొక్కకే దక్కింది. మన కుండీల్లో అమరిల్లిస్ అని పిలిచేవన్నీ శాస్త్రం లెక్కన హిప్పియాస్ట్రమ్‌లే. అంతటి పండితులకే అంత కాలం పట్టిందని తెలిశాక నా తొందర కాస్త నెమ్మదించింది.

పిన్నికి ఫోన్ చేసి ఆ లిల్లీ పేరేమిటని అడిగాను. "పేరేముంటుందే, ఎర్ర లిల్లీ. నేను కాపురానికి వచ్చేసరికే మా అత్తగారు బావి పక్కన పెంచుతున్నారు" అంది. నాకు కావలసిన జవాబు అది కాదనుకుని ఫోన్ పెట్టేశాను. ఆ మాట బరువు తర్వాత తెలిసింది.

ఏప్రిల్‌లో పిల్లల కుండీ పూసింది. ముదురు ఎరుపు, రేకు రేకుకూ నడుమ తెల్లచార. తెనాలిదే. 1799 ప్రాంతంలో ఇంగ్లండులోని ప్రెస్కాట్‌లో జాన్సన్ అనే గడియారాల పనివాడు రెండు జాతులను కలిపి ఒక సంకరాన్ని పుట్టించాడు. అమరిల్లిస్ సంకరాల్లో మొట్టమొదటిదిగా చెప్పే ఆ మొక్కకు ఈ పువ్వు పోలికలు ఉన్నాయి. అదేనని రాసేయాలని చెయ్యి ఉబలాటపడింది. కానీ రెండు శతాబ్దాలుగా ఎన్నో చేతులు ఎన్నో ఎరుపులను కలిపాయి. ఎరుపు మీద తెల్లచార ఒక్క మొక్క సొత్తేమీ కాదు.

అయితే ఒకటి మాత్రం రూఢిగా చెప్పగలను. అమరిల్లిస్ గింజ వేస్తే మొలిచేది కొత్త మొక్క. అది పూయడానికి మూడు నాలుగేళ్లు పట్టవచ్చు, తల్లిని పోలాలనీ లేదు. పిల్ల గడ్డ అలా కాదు. అది తల్లి ఒంట్లోని ముక్కే. అంటే పిన్ని అత్తగారు బావి పక్కన పెంచిన ఆ మొక్కే, దాని సంతానం కాదు, సాక్షాత్తూ అదే, ఇవాళ నా కుండీలో ఉంది. ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి వచ్చిందో చెప్పే ఆ మాట కన్నా గట్టి ఆనవాలు దీనికి ఇంకేముంటుంది? పిన్ని ఇచ్చిన జవాబు అదే. మనం వెతికే పేర్లలో ఎన్ని నిజంగా మొక్కకు చెందినవో, ఎన్ని మన ఆరాటానికి చెందినవో అని అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను.

కడియం గడ్డ ఆ ఏడు పూయలేదు. నాలుగేసి ఆకులు వచ్చాక ఒక మొగ్గ చొప్పున ఇవి గడ్డ లోపల కట్టుకుంటాయి. అది బయటికి రావడానికి చాలా నెలలు పడుతుంది. ఈ వేసవి పువ్వు నిరుటి ఆకులు తిన్న ఎండే. మెట్ల కింద గడిపిన రోజులు దాన్ని నీరసపరిచి ఉంటాయి. మూడో వంతు గడ్డ మట్టి పైకి ఉండేలా మళ్లీ నాటి, పొద్దుటి ఎండ తగిలే చోట పెట్టి, పశువుల ఎరువు వేశాను. మరుసటి వేసవికి కాడ లేచింది. చారలేని ఎరుపు, అరచేతిని మించిన పువ్వు.

ఇప్పుడు నా చీటీల మీద రకం పేర్లు తక్కువ. ఎక్కడిది, ఎవరిచ్చారు, ఎప్పుడు పూసింది, ఆకు ఎలా ఉంది అనే రాస్తున్నాను. మొన్న పక్కింటి అమ్మాయి పిల్ల గడ్డ అడిగితే "తెనాలి, బావి పక్కది, ఎరుపు మీద తెల్లచార, ఏప్రిల్" అని రాసి ఇచ్చాను. "పూలయ్యాక ఆకులు కోసేయనా ఆంటీ?" అని అడిగింది. వద్దన్నాను. వచ్చే ఏటి పువ్వు వాటిలోనే తయారవుతుందని, వాటంతటవే పసుపెక్కి రాలేదాకా ఉంచమని చెప్పాను.